ఆముదం పోసిన కారు

పెద్దబాపు దినాల నాడు భోజనాలయ్యాక మగవాళ్ళంతా అరుగు మీద ఆకూ వక్కా వేసుకుంటూ ఆయన్ను పొగుడుతున్నారు. మా బాపుకు అన్న, ఇంటికి పెద్ద, ఊరికి పటేలు. పోయినవాణ్ణి పొగడటం మర్యాదే, కాదనను. ఒకాయన భూముల సంగతి చెప్పాడు. ఇంకొకాయన పంచాయతీ తీర్పుల సంగతి చెప్పాడు. ఆఖరుకు వరసకు మామ అయ్యే ఒక ముసలాయన నోట్లోని ఆకు ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చుకుని, "అంత ఆస్తి ఉండి గూడ, కారుకు నూనె మార్చుడు తన చేత్తోటి తనే చేసుకునేటోడు. జీతగాళ్లను ముట్టనియ్యకపోయేది. అసొంటి మనిషి మళ్ల పుట్టడు" అన్నాడు.

నేను వాకిట్లో ఇస్తరాకులు తీయిస్తున్నాను. "పుట్టకపోతేనే మంచిది" అన్నాను.

మా అమ్మ నా చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. "సచ్చినోని మీద ఏం కోపమే నీకు, పిల్లల తల్లివైతివి" అంది. మనిషి చచ్చిపోతే అతని మీది కోపం కూడా చచ్చిపోవాలన్న కాయిదా ఎవరు పెట్టారో నాకు తెలియదు. ఆ ముసలాయన ఇంకేది చెప్పినా పళ్ళు బిగబట్టుకుని ఊరుకునేదాన్ని. ఆయన సరిగ్గా నూనె సంగతే ఎత్తాడు. ఆ నూనె సంగతి నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఆ అరుగు మీద ఒక్కరూ లేరు.

మాది మోత్కూరుకు దగ్గర పల్లె. ఎర్ర నేలలు, వాన పడితే పంట, పడకపోతే మంట. హైదరాబాదులో నవాబుల ఇళ్ళ సామాన్లు అమ్ముడుపోతున్న రోజుల్లో పెద్దబాపు ఒక పాత విలాయతి కారు కొనుక్కొచ్చాడు. నల్ల కారు, ముందర గుండ్రటి దీపాలు, తలుపు వేస్తే బీరువా వేసినంత చప్పుడు. చుట్టుపక్కల ఊళ్ళలో ఇంకో కారు లేదు. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షమంటారు. మా దగ్గర ఆ సామెతను విడమర్చి చెప్పాల్సిన పనిలేదు, ఎందుకంటే మా చేలల్లో నిఖార్సుగా పండేది ఆముదమే. ఆ చేలల్లో పెద్ద చేను పెద్దబాపుది, ఊళ్ళో ఒకే ఒక్క గానుగా ఆయనదే, ఇక కారు సంగతి చెప్పనే చెప్పాను. మహావృక్షం కాక ఏమవుతాడు.

కారుతో పాటు పట్నం నుంచి వచ్చిన డ్రైవరు ఇంజను నూనె ఎట్లా మార్చాలో ఒకసారి చేసి చూపించి, కొన్ని నూనె డబ్బాలు ఇచ్చి, బస్సెక్కి వెళ్ళిపోయాడు. డబ్బాలు ఉన్నన్ని రోజులు డబ్బా నూనె. తర్వాత పెద్దబాపుకు ఆలోచన పుట్టింది. ఎడ్లబండి ఇరుసుకు ఆముదంలో మసి కలిపి కందెన పెడతాం. తాతల నాటి నుంచి బండ్లు దాంతోనే తిరుగుతున్నాయి. కారు కూడా బండే. మరి పట్నం నూనె దేనికి?

అట్లా మొదలైంది. మా ఇంట్లో నూనె మార్చే రోజంటే చిన్న పండుగ. పొద్దున్నే కారును రోడ్డు దాకా తిప్పుకొచ్చేవాడు, లోపలి పాత నూనె వేడెక్కి పలచబడాలని. వాకిట్లో ఒక పక్కన గొయ్యి తవ్వించి రెండు వైపులా బండలు పరిపించాడు. ఆ బండల మీదికి కారు ఎక్కించి, బనీను మీద, ధోవతి గోచి బిగించి, పానా పట్టుకుని గోతిలోకి దిగేవాడు. జీతగాళ్ళు చుట్టూ నిలబడేవాళ్ళు. కింది నట్టు విప్పగానే నల్ల నూనె ధార కట్టి ఇత్తడి గంగాళంలో పడేది. ఆ గంగాళం పెద్దమ్మ పుట్టింటిది.

"పెండ్లిళ్లకు పప్పు వండే గంగాళం గది. దాంట్ల మసి నింపుతవా?" అనేది పెద్దమ్మ, ప్రతిసారీ.

"తోముకుంటె పోతది" అనేవాడు ఆయన గోతిలోంచి.

"తోమేది నువ్వా నేనా?"

ఆయనకు నచ్చని ప్రశ్నలకు ఆయన ఎప్పుడూ జవాబు చెప్పలేదు. పైకొచ్చి భుజం మీది రుమాలుతో చేతులు తుడుచుకునేవాడు. చేతులకు మసి ఉన్నా లేకపోయినా సరే, పెద్దబాపు చేతులు తుడుచుకున్నాడంటే ఆ మాట అక్కడికి అయిపోయినట్టు. పొలం గట్టు తగాదా అయినా, ఇంట్లో ఆడవాళ్ళ కోరిక అయినా, ఆ రుమాలు ఒక్కసారి ఇటూ అటూ కదిలిందంటే మళ్ళీ ఎవరూ నోరు విప్పేవాళ్ళు కాదు.

ఆ నల్ల నూనె కోసం బండ్లవాళ్ళు ముంతలు పట్టుకుని గడప బయట వరసగా కూర్చునేవాళ్ళు. తీర్థం పోసినట్టు తలా కొంచెం పోసేవాడు. వాళ్ళు దణ్ణం పెట్టేవాళ్ళు. కారు కక్కిన మసికి దణ్ణం. అయినా ఆయనకు ఆ దణ్ణాలు ఎంతో ఇష్టం.

తర్వాత కొత్త నూనె. గానుగ నుంచి వచ్చిన ఆముదాన్ని పాత ధోవతి గుడ్డలో వడగట్టి నల్ల జాడీలో పెట్టించేవాడు. ఇంజనులో పోసే ముందు అందులో వేలు ముంచి, నడినెత్తిన అద్దుకుని, మిగిలింది మీసాలకు రాసుకునేవాడు. అప్పుడు మొదలుపెట్టేవాడు ప్రసంగం.

"నెత్తికి పెట్టుకుంటం. పసివిల్లకు ఉగ్గుల పోస్తం. దేవుని కాడ దీపం పెడుతం. బండికి పూస్తం. మనిషికి, దేవునికి, బండికి పనికొచ్చేది గీ డబ్బాల బండికి పనికిరాదా? మన చేల్ల పండింది మనకు పడదా?"

ఎవరేం అంటారు. పైగా ఆయన దగ్గర ఇంకొక ఆధారం ఉంది. భువనగిరిలో ఎవరో పాత సిపాయి చెప్పాడట, పూర్వం లడాయిలో విమానాలకు ఆముదమే పోసేవాళ్ళని. అది నిజమే కావచ్చు. అరకొర నిజం దొరికిన మనిషిని ఆపటం ఎవరి తరమూ కాదు. విన్నవాళ్ళంతా తలలూపేవాళ్ళు. పెద్దమ్మ ఒక్కతే ఊపేది కాదు.

"దీపపు సెమ్మెకు అడుగున ఆముదం బంకగట్టి ఊడిరాదు. గోరుతోని గీకాలె. నీ ఇంజన్ల ఎవరు గీకుతరు?" అంది ఒకసారి.

"నీ సెమ్మెకు చక్రాలున్నయా?" అన్నాడు ఆయన. అందరూ నవ్వారు. ఆయన చేతులు తుడుచుకున్నాడు.

నిజం చెప్పాలంటే కొన్నేళ్ళు ఏమీ కాలేదు. మొదట్లో పట్నం నుంచి మళ్ళీ తెప్పించిన డబ్బా నూనె సగం, ఆముదం సగం కలిపేవాడు. రానురాను డబ్బా నూనె తగ్గింది, ఆముదం పెరిగింది. కారు వెళ్తుంటే వెనక నుంచి దీపం ఆర్పినప్పటి వాసన వచ్చేది. కళ్ళు మూసుకుని కూడా పెద్దబాపు కారు వచ్చిందని చెప్పేవాళ్ళు జనం. ఆ కారులోనే పాము కరిచిన ఒక కూలిమనిషిని వేసుకుపోయి భువనగిరి దవాఖానలో బతికించుకొచ్చాడు. అదీ నిజమే. ఆ మనిషి ఆయన దినాలకు వచ్చి ఒక మూల కూర్చుని ఏడ్చాడు. అతని ఏడుపుకు నేను అడ్డు చెప్పను. నా కోపానికి కూడా ఎవరూ అడ్డు చెప్పకూడదు.

ఇక నా సంగతి. మా ఊరి బడి ఏడో తరగతితో అయిపోయింది. ఆపైన బాపు ఒక పంతులుగారిని పెట్టి ఇంట్లోనే చదివించాడు. ప్రైవేటుగా మెట్రిక్ పరీక్షకు కట్టించాడు. మా ఇంట్లో ఏ ఆడపిల్లా అంతవరకు రాలేదు. పాసయితే టీచరు ట్రైనింగుకు పంపుతానని బాపు మాట ఇచ్చాడు. అప్పటికే జడ్చర్ల నుంచి ఒక సంబంధం వచ్చి ఉంది. పాసయితే వాళ్ళకు ఇప్పుడే కాదని చెప్పాలి, కాకపోతే అవునని చెప్పాలి. ఇది ఇంట్లో అందరికీ తెలుసు. నేను దొడ్డి అరుగు మీద దీపం దగ్గర లెక్కలు చేస్తుంటే నాకు కనిపించేవి రెండే దారులు, ఒకటి బడికి, ఒకటి జడ్చర్లకు.

పెద్దబాపు అడ్డం చెప్పలేదు. వచ్చిన ప్రతివాడితోనూ, "మా ఇంటి ఆడివిల్ల మెట్రిక్ రాస్తాంది" అని గొప్పగా చెప్పుకునేవాడు కూడా. నా చదువు ఆయన కారు పక్కన నిలబెట్టుకునే ఇంకో వస్తువైంది. పరీక్ష భువనగిరిలో. బాపు భయపడుతూ భయపడుతూ అన్న దగ్గరికి వెళ్ళాడు.

"అన్నా, ఒక్కరోజు ముందుగాల పోయి మా బామ్మర్ది ఇంట్ల దిగుతం. పొద్దుగాల పిల్ల నిమ్మళంగ పోయి రాస్తది."

"కారు పెట్టుకోని ఒకల ఇంట్ల పండుడేందిరా? నేను దినాం తీస్కపోయి దినాం తీస్కొస్త."

"మరి బస్సుల గూడ..."

"మనింటి ఆడివిల్ల బస్సుల పోతదా? ఆడెవడో ఈడెవడో పక్కన కూసొని?"

రుమాలు కదిలింది. బాపు తిరిగొచ్చి నాతో, "ఏం ఫికర్ లేదు బిడ్డా, పెద్దబాపు తీస్కపోతా అన్నడు" అన్నాడు. నేనూ నమ్మాను.

పరీక్షకు ముందురోజు పెద్దబాపు నా కోసం నూనె మార్చాడు. అంతకు ముందు ఎప్పుడూ ఎంతో కొంత డబ్బా నూనె కలిపేవాడు. ఆ రోజు అదీ లేదు. గానుగాడించి తెప్పించిన కొత్త ఆముదం, జాడీ నిండా. నన్ను పిలిచి, వేలు ముంచి, నా నడినెత్తిన కూడా అద్దాడు. "నీ పరీక్షకు బిడ్డా, అచ్చం మన ఆముదం. గాలిల తేలినట్టు పోతది" అన్నాడు. నాకు ఎంత సంతోషమైందో. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. దుర్మార్గంతో చేసి ఉంటే ఈపాటికి క్షమించేదాన్నేమో. ప్రేమతో చేశాడు, ఎవరి మాటా వినకుండా చేశాడు.

పొద్దున్నే బయలుదేరాం. పెద్దబాపు నడుపుతున్నాడు, పక్కన బాపు, వెనక నేను, ఒళ్ళో అట్టా కలమూ. సగం దారి దాకా బాగానే పోయింది. తర్వాత ముందు నుంచి ఒక చప్పుడు మొదలైంది, లోపల ఎవరో రోట్లో గులకరాళ్ళు దంచుతున్నట్టు. దీపం వాసన ఎక్కువైంది. బానెట్ సందుల్లోంచి పొగ వచ్చింది. కారు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. అటూ ఇటూ ఎర్ర చేలు, నాలుగు తాటిచెట్లు, మనిషి జాడ లేదు.

పెద్దబాపు బానెట్ ఎత్తి, నూనె చూసే కడ్డీ లాగాడు. కడ్డీకి ముదురుపాకం తీగలా సాగి వచ్చింది. ముందర హ్యాండిల్ పెట్టి తిప్పాడు. తిరగలేదు. బాపు తిప్పాడు. ఇద్దరూ కలిసి తిప్పారు. ఇంజను రాయిలా బిగుసుకుపోయింది. "వేడికి పట్టుకున్నది. జర చల్లారితె అదే తిరుగుతది" అన్నాడు పెద్దబాపు.

అప్పుడు వచ్చింది బస్సు. భువనగిరి పోయే బస్సే. ఎవరూ చెయ్యి ఎత్తలేదు, అయినా డ్రైవరు ఆపాడు. కండక్టరు దిగి వచ్చాడు. నా చేతిలో అట్ట చూశాడు.

"పిల్లకు పరీక్షనా పటేలా? జాగా ఉన్నది. ముంగట ఆడోళ్ల పక్కకు కూసోపెడుత. టైముకు అందిస్త" అన్నాడు.

లోపల ముందు సీట్లో ఒక ఆకుకూరల ఆమె కూర్చుని ఉంది. ఎవరూ చెప్పకముందే పక్కనున్న గంపను ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది. "రా బిడ్డా, ఇటు కూసో" అంది. నేను వెళ్ళాను. ఒక కాలు మెట్టు మీద పెట్టాను, చేత్తో కడ్డీ పట్టుకున్నాను.

"దిగు" అన్నాడు పెద్దబాపు.

గట్టిగా కూడా అనలేదు. బాపు ఒక్క అడుగు ముందుకు వేశాడు. "అన్నా, టైమైతాంది" అన్నాడు.

"బాగైతది. ఎంతసేపు. జర ఆగుండ్రి" అని పెద్దబాపు రుమాలు తీసి చేతులు తుడుచుకున్నాడు. నేను "బాపూ" అన్నాను. బాపు అన్న వంక చూశాడు, తర్వాత నేల వంక చూశాడు. "పెద్దబాపు చెప్పిండు గద బిడ్డా" అన్నాడు. కండక్టరు ఇంకా కాసేపు నిలబడ్డాడు. పటేలుకు ఎదురు చెప్పే ఉద్యోగం కాదు అతనిది. నా మొహం చూసి, తల పక్కకు తిప్పుకుని, బస్సెక్కి గంట కొట్టాడు. ఆకుకూరల ఆమె కిటికీలోంచి తల బయటికి పెట్టి, మలుపు తిరిగేదాకా నన్నే చూసింది. ఆ గంప ఇంకా ఆమె ఒళ్ళోనే ఉంది.

నువ్వెందుకు దిగావని నన్ను చాలామంది అడిగారు. మా ఆయన అడిగాడు, పెద్దయ్యాక నా కూతురు అడిగింది. పదహారేళ్ళ పిల్లను అడిగే ప్రశ్న కాదది. నేను పుట్టినప్పటి నుంచి ఆ రుమాలు కదిలితే ఆగిపోవటమే చూశాను. అడగాల్సింది ఆయన్ను. ఖాళీ సీటు ఉన్న బస్సు ఎదురుగా నిలబడితే, సొంత బిడ్డలాంటి పిల్ల కాలు మెట్టు మీద ఉంటే, దిగమనటానికి నోరెట్లా వచ్చిందని అడగాలి. ఎవరూ అడగలేదు. అరుగు మీద కూర్చుని ఆకూ వక్కా నమిలారు.

ఎండ నెత్తికెక్కింది. బాపు మాటిమాటికీ చేతి గడియారం చూసుకుంటున్నాడు, నేను బాపును చూస్తున్నాను. కొంతసేపటికి బాపు ఆ గడియారం విప్పి జేబులో వేసుకున్నాడు. అప్పుడు నాకు తెలిసింది, పరీక్ష మొదలైందని.

మధ్యాహ్నం ఒక ఎడ్లబండి దొరికింది. కారును మోకులతో బండికి కట్టారు. పెద్దబాపు కార్లోనే కూర్చుని స్టీరింగు పట్టుకుని, ఎడ్లు లాగుతుంటే, తల ఎత్తుకునే ఊళ్ళోకి వచ్చాడు. బండి ఇరుసుకు ఆముదం కందెనే ఉంది. చక్రాలు చక్కగా తిరుగుతున్నాయి. గానుగ ఎద్దుకు తెలిసినంత కూడా ఈయనకు తెలియలేదని నాకు నవ్వు రావాల్సింది. రాలేదు.

మొదటి పరీక్ష పోతే మిగతావి రాసి ఏం లాభం. ఊళ్ళో అందరికీ ఆయన చెప్పిన మాట ఒకటే. "దాని జాతకంల చదువు లేదు. ఇంజన్ది ఒక నెపం." మొదట సణిగినట్టు అన్నాడు. నాలుగుసార్లు అనేసరికి ఆయనకే నమ్మకం కుదిరింది. ఆడవాళ్ళు నన్ను చూసి జాలిగా నాలుక చప్పరించేవాళ్ళు. కారు పాడైనందుకు నన్ను జాలిపడి చూడటం, ఇదొక వింత.

కారును లారీ మీద ఎక్కించి హైదరాబాదు పంపించాడు. ఇంజను మొత్తం విప్పి బాగుచేయాలన్నారట. పెద్దబాపుకు అన్నం సహించేది కాదు. వారం తిరక్కుండా పట్నం పోయి కార్ఖానలో నిలబడి ఇంజనును చూసుకుని వచ్చేవాడు. ఎట్లా పోయేవాడు అనుకున్నారు? బస్సులో. ఆడెవడో ఈడెవడో పక్కన కూర్చుని.

తప్పినవాళ్ళకు ఆ ఏడే మళ్ళీ పరీక్ష ఉంటుందని పంతులుగారు చెప్పారు. బాపు అన్నను అడగలేకపోయాడు. నేనే వెళ్ళాను. జీవితంలో ఆయన ఎదుట నిలబడి ఒక కోరిక అడగటం అదే మొదలు.

"పెద్దబాపూ, మళ్ల పరీక్ష ఉన్నదట. నేను పోత."

"కారు రానీ బిడ్డా" అన్నాడు.

"బస్సుల పోత. బాపు తీస్కపోతడు."

"కారు రానీ అన్న గద."

పరీక్ష వచ్చింది, పోయింది. కారు రాలేదు. కారు వచ్చేసరికి జడ్చర్లవాళ్ళు వచ్చి తాంబూలాలు పుచ్చుకుని వెళ్ళారు. ఇంజనును విప్పి, ముక్క ముక్కా తుడిచి, అరిగినది మార్చి, మళ్ళీ కొత్త దానిలా నిలబెట్టారు. ఒకసారి ఆగిపోయిన దానికి మళ్ళీ నడిచే అవకాశం ఇవ్వాలన్న బుద్ధి మా ఇంట్లో లేకపోలేదు. ఇనుముకు మాత్రం ఇచ్చారు.

నా పెళ్ళయిన మర్నాడు మధ్యాహ్నం. అప్పగింతలు కావాలి, పెద్దబాపు కారులోనే నన్ను జడ్చర్ల పంపాలి. మగపెళ్ళివారు బంతిలో కూర్చుని తింటున్నారు. నేను చేతులు కడుక్కోవటానికి దొడ్లోకి వెళ్ళాను. గడ్డివాము వెనక పెద్దబాపు ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఎదురుగా ఆముదం జాడీ, ఖాళీది. పక్కన కొత్త డబ్బాలు, పట్నం డబ్బాలు. ఒక్కొక్క డబ్బా మూత కోసి, లోపలి నూనెను జాడీలోకి వంపుతున్నాడు. ఖాళీ అయిన డబ్బాను గడ్డిలోకి తోస్తున్నాడు. నేను దగ్గరికి వెళ్ళేదాకా చూడలేదు. చూశాక కూడా ఉలిక్కిపడలేదు.

"గది ఆముదం కాదు గద పెద్దబాపూ" అన్నాను.

"కాదు."

"ఎప్పటిసంది?"

"బాగై వచ్చినప్పటిసంది. ఆముదం లోపల బంకగట్టి నూనె తొవ్వలన్ని మూసుకపోయినయని, కార్ఖానకు ఏసిన నాడే చెప్పిండ్రు."

కార్ఖానకు వేసిన నాడే. అంటే నా జాతకంలో చదువు లేదని ఊరంతా చెప్పుకు తిరిగినన్నాళ్ళూ ఆయనకు తెలుసు. నేను రెండో పరీక్ష కోసం ఎదుట నిలబడి అడిగినప్పుడూ తెలుసు.

"మరి ఇయ్యాల జాడీల ఎందుకు పోస్తున్నవు?"

"మీ అత్తగారోళ్ల ముంగట పోయాలె గద. మన ఆముదం తోటి నడుస్తదని అందరికి చెప్పుకున్నం. ఇప్పుడు డబ్బా చూపిస్తె ఏమన్న ఉన్నదా?"

"నా పరీక్ష నాడు గీ డబ్బా నూనె పోస్తె నేను పోయి రాసేదాన్ని."

ఆయన ఇంకో డబ్బా చేతిలోకి తీసుకున్నాడు. చాలా నెమ్మదిగా, చిన్నపిల్లకు బుద్ధి చెప్పినట్టు చెప్పాడు. "పరీక్షదేముంది బిడ్డా. ఇప్పుడు నువ్వు పోయేది అత్తగారింటికి. పెండ్లిపిల్ల ఉన్న కారు నడిమిట్ల ఆగితె మన పరువేంగావాలె?" అని, "జర దూరం జరుగు, పట్టుచీరకు అంటుతది" అన్నాడు.

నేను జరిగాను. కాసేపటికి ముందు వాకిట్లో ఆయన గొంతు వినిపించింది. బండల మీద కారు, చుట్టూ మగపెళ్ళివారు. ఇంజనులో జాడీ వంచుతూ, "మన చేల్ల పండింది మనకు పడదా?" అంటున్నాడు. మా మామగారు మెచ్చుకోలుగా తలూపుతున్నారు. నూనె మెరుస్తూ ధార కట్టి పడింది. ఆముదం వాసనే రాలేదు. ఆ వాకిట్లో నిలబడిన అంతమందిలో ఆ సంగతి ఒక్కరి ముక్కుకూ తట్టలేదు.

పొద్దు వాలకముందే నన్ను కార్లో కూర్చోబెట్టారు. బాపు కిటికీ పట్టుకుని ఏడ్చాడు, పెద్దబాపు స్టీరింగు ముందు కూర్చున్నాడు. నేను ఏడవలేదు. పరీక్షకు పోతూ ఆగిన చోటు రాగానే, అవే తాటిచెట్లు కనిపించగానే, ఇక్కడ ఆగు అని మొక్కాను. తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కాను. తర్వాత భువనగిరి దాటాం, హైదరాబాదు దాటాం, నేను మొక్కుతూనే ఉన్నాను. ఇంజను మెత్తగా, ఒక్క దగ్గు కూడా లేకుండా తిరిగింది. జడ్చర్లలో అత్తగారి గడప ముందు దింపేదాకా ఆ కారు ఎక్కడా ఆగలేదు.